చిక్కమగళూరు పోసిన ఊపిరి

నవంబరు 5 దగ్గర పడుతుంటే నాకు చిక్కమగళూరు గుర్తొస్తుంది. 1978లో ఆ రోజున కాఫీ కొండల నడుమ ఒక లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఇక పనైపోయిందని సొంత పార్టీవాళ్లే అనుకున్న నాయకురాలికి అది మళ్లీ ఊపిరి పోసింది.

ఉప ఎన్నిక కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్‌లో 1926 దాకా, మంత్రి పదవి తీసుకున్న సభ్యుడు చాలా సందర్భాల్లో మళ్లీ ఓటర్ల దగ్గరకు వెళ్లి గెలిచి రావాల్సిందే. 1908లో చర్చిల్ అలా వెళ్లి మాంచెస్టర్‌లో ఓడి, డండీలో గెలిచాడు. మన దేశంలో చైనా యుద్ధం తర్వాత, 1963లో కృపలానీ, లోహియా, మసానీ ఉప ఎన్నికల్లో నెగ్గి లోక్‌సభకు వచ్చారు. నెహ్రూ అంతటివాడికీ అది గట్టి దెబ్బే.

1977 దెబ్బ అంతకు మించింది. 21 నెలల ఎమర్జెన్సీకి జనం తీర్పు చెప్పారు. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ ఓడిపోయింది. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 ఇచ్చింది. అయినా పార్టీ పెద్దలు ఆమెకు దూరం జరిగారు. 1978 జనవరిలో పార్టీ చీలింది, ఆవూ దూడా గుర్తు పోయింది. హస్తం గుర్తుకు ఆమె విజయవాడలో ఉండగా ఫోన్లోనే ఒప్పుకుందని ఒక కథ చెబుతారు. ఫిబ్రవరిలో ఆ హస్తమే మన రాష్ట్రాన్నీ, కర్ణాటకనూ గెలిచింది. మే నెలలో ఆజంగఢ్ ఉప ఎన్నికలో ఆ పార్టీ అభ్యర్థి మొహసినా కిద్వాయ్ నెగ్గింది. ఏడాది క్రితం ఒక్క సీటూ ఇవ్వని ఉత్తరప్రదేశ్‌లోనే ఆ గెలుపు రావడంతో ఢిల్లీలో అందరూ తలతిప్పి చూశారు.

అప్పుడు చిక్కమగళూరు సభ్యుడు డి.బి.చంద్రేగౌడ రాజీనామా చేసి ఇందిరకు చోటిచ్చాడు. ముఖ్యమంత్రి దేవరాజ్ అర్స్ అండగా నిలిచాడు. ఢిల్లీలో అధికారంలో ఉన్న జనతా పార్టీ, మాజీ ముఖ్యమంత్రి వీరేంద్ర పాటిల్‌ను బరిలోకి దించింది. ప్రచార భారం జార్జి ఫెర్నాండెజ్ భుజానికెత్తుకున్నాడు.

నాకు ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. పడగ విప్పిన నాగుపాము బొమ్మతో జనతా వాళ్లు గోడల నిండా పోస్టర్లు అంటించారు. ఈ పాము మళ్లీ పడగెత్తబోతోంది, జాగ్రత్త అని దాని సారాంశం. ఢిల్లీ కంటికి పాము అంటే విషమే కావచ్చు. పుట్టకు పాలు పోసి, పసుపు కుంకుమ పెట్టి, పిల్లాపాపల్ని చల్లగా చూడమని మొక్కుకునే ఊళ్లలో నాగరాజు దేవుడు. భయపెట్టడానికి అంటించిన బొమ్మ అక్కడి ఆడవాళ్లకు దండం పెట్టుకునే బొమ్మ అయింది! ఎస్టేట్లలో కూలికి వెళ్లే ఆ ఆడవాళ్ల మనసు తెలియకుండా ఓటు అడగడానికి వెళితే జరిగేది అదే.

ఇందిర గెలిచింది, మెజారిటీ 77,333. పార్లమెంటు లెక్కలో పెరిగింది ఒక్క సీటే. కానీ పార్టీవాడు చూసుకునేది వేరు: ఈ మనిషి పేరు చెబితే ఇంకా ఓట్లు రాలతాయా, లేదా? ఆ ప్రశ్నకు చిక్కమగళూరు జవాబిచ్చింది. డిసెంబరు 19న సభాహక్కుల ఉల్లంఘన కింద జనతా వాళ్లు ఆమె సభ్యత్వం రద్దుచేసి తీహార్ జైలుకు పంపారు. వారం తిరిగేసరికి బయటికొచ్చింది. ఎమర్జెన్సీ తప్పును నేను మాఫీ చేయను. కానీ ఓటర్లు పంపిన మనిషిని సభలోంచి గెంటేయడం ఆమెకే మేలు చేసింది. 1980 జనవరిలో మెదక్‌లో జైపాల్‌రెడ్డి మీద రెండు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచి, అదే సారి గెలిచిన రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌నే ఉంచుకుంది.

ఆ తర్వాత కథ ఇంత తిన్నగా సాగదు. 1988లో అలహాబాద్ ఉప ఎన్నికలో వీపీ సింగ్ గెలుపు, మరుసటి ఏడాది రాజీవ్‌కు ఏం జరగబోతోందో ముందే చెప్పింది. 1991లో నంద్యాల పీవీకి 5.8 లక్షల మెజారిటీ ఇచ్చింది, అక్కడ తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. 2008లో రాజీనామాలు చేసి 16 అసెంబ్లీ స్థానాల్లో దిగిన టీఆర్ఎస్ ఏడే తిరిగి గెలుచుకుంది. కేసీఆర్ పని అయిపోయిందన్నారు. 2010లో పోటీచేసిన 11 చోట్లా ఆ పార్టీయే గెలిచింది. 2017లో నంద్యాల గెలిచిన తెలుగుదేశం 2019లో అధికారం పోగొట్టుకుంది. 2022లో మునుగోడు గెలిచిన టీఆర్ఎస్, పేరు మార్చుకుని మరుసటి ఏడాదే ఓడింది.

అయినా ఉప ఎన్నిక ఫలితం వచ్చిన సాయంత్రం నేను మెజారిటీ లెక్క పక్కన పెట్టి, ఓడిన నాయకుడి ఇంటి ముందు ఎన్ని కార్లు ఆగి ఉన్నాయో టీవీలో చూస్తాను.