ఏలూరు సర్కారున భాషాసంపర్కము: దూదేకులవారి నామవిచారము

ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారి వెనుకబడిన తరగతుల పట్టికయందు ‘బి’ వర్గమున ఒకే కులమునకు నాలుగు పేర్లు వరుసగా కనబడును: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. వీనిలో మూడు ఒకే వృత్తిని తెలుపు పదములు. దూదిని ఏకువాడు దూదేకులవాడు, ఇది అచ్చతెలుగు. పింజారి అనునది ఉత్తరదేశ భాషలనుండి దిగివచ్చినది. లద్దాఫ్ అనునది అరబ్బీలోని ‘నద్దాఫ్’ శబ్దమునకు వికృతి. ఆ భాషలోను దాని యర్థము దూదిని ఏకువాడనియే. నూర్‌బాషా యను పేరు మాత్రము వృత్తిని విడిచి గౌరవమును పట్టుకొన్నది. ఒక జనసముదాయము మూడు భాషలలో పిలువబడుటయు, తుదకు వృత్తినామమును వదలి వేఱొక పేరు కోరుటయు నిఘంటుకారునికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. వీరు ఇస్లామును స్వీకరించియు తెలుగును విడువలేదు. ఏల విడువలేదు? విడువకుండుటవలన వీరికి సంఘమున కలిగిన స్థితి యెట్టిది? ఈ ప్రశ్నలను ఏలూరు సర్కారు చరిత్రతో జోడించి విచారింప దలచితిమి.

ఏలూరు ప్రాంతమునకు భాషాసంపర్కము క్రొత్త కాదు. ఊరికి ఉత్తరముననున్న పెదవేగియే ప్రాచీన వేంగి. 7వ శతాబ్దిలో బాదామినుండి వచ్చిన చాళుక్యులు కన్నడదేశపు వారు. వారి సంతతివారు కొన్ని తరములలో తెలుగు రాజులైరి, 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు నన్నయచే భారతము నాంధ్రీకరింపజేసెను. పాలించినవారు పాలితుల భాషను గ్రహించుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అక్కఱలేదు. 16వ శతాబ్దిలో ఈ సీమ గోలకొండ సుల్తానుల యేలుబడిలోనికి, 1687లో గోలకొండ పతనముతో మొగలాయీల చేతికి వచ్చినది. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరు, ముర్తజానగరు అను ఐదు సర్కారులలో ఇది యొకటి. 1753లో ఫ్రెంచివారికిని, 1765 నాటి మొగలు ఫర్మానాచేతను 1766 నాటి నిజాము సంధిచేతను ఆంగ్లేయులకును సంక్రమించినది. ‘సర్కారు’ అను పారసీక పదము సీమకే పేరుగా నిలిచిపోయినది.

ఈ రెండు శతాబ్దుల పైబడిన కాలమున ఇచ్చట వినవచ్చిన పరభాష ఒకటి కాదు, మూడు. దర్బారు భాష పారసీకము. దండులోను ముస్లిముల యిండ్లలోను పలుకబడినది దక్కనీ. నమాజులో ఉచ్చరింపబడినది అరబ్బీ. మా విచారమున కంతకును ఇదియే కీలకము. జమాబందీ, కిస్తు, దస్తావేజు, వకాల్తా, ఫైసలా మొదలగు మాటలన్నియు కచ్చేరీ గుమ్మమునుండి రైతు నోటికి వచ్చినవే. ‘కాగజ్’ కాగితమై, ‘దుకాన్’ దుకాణమై, తెలుగు ‘ము’ వర్ణమును తగిలించుకొని ఊరివారిలో ఒకరైపోయినవి. అయినను గ్రామ లెక్క తెలుగులోనే సాగినది. 1984లో రద్దగువఱకు కరణీకము ఏ ప్రభుత్వము మాఱినను తెలుగు లిపిని విడిచినది కాదు. సంత భాషయు తెలుగే. నేడు తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల బజారులో వేలము పోర్చుగీసు మాట, రసీదు పారసీకము. బేరము మాత్రము తెలుగు! ఇట్టి స్థితిలో మతము మార్చుకొన్న దూదేకులవానికి భాషను మార్చుకొనవలసిన అవసరము ఎచ్చట కలిగినది? ప్రార్థనకు అరబ్బీ వాక్యములు చాలును. పారసీకము వానికి అందని పండు. దూది కొనువాడును పఱుపు కుట్టించుకొనువాడును తెలుగువాడు.

దీని కెదురైన కథ ఉత్తరాఫ్రికాలోని మగ్రిబ్ దేశములందు జరిగినది. అచ్చటి ప్రాచీన జనులను ఇతరులు బెర్బరులనిరి. అనాగరికుడను అర్థముగల గ్రీకు మాటతో ముడిపడిన పేరది. వారు తమ్ము తాము అమాజిగ్‌లని చెప్పుకొందురు. 670లో కైరవాన్ నగరము స్థాపింపబడిన పిదప ఇస్లాము త్వరగానే వ్యాపించినది, భాష మాత్రము అంత త్వరగా మాఱలేదు. 11వ శతాబ్దిలో బనూ హిలాల్ మొదలగు అరబ్బు తెగలు మైదానములకు వలస వచ్చిన తరువాతనే గ్రామసీమలు అరబ్బీ పలుకసాగినవి. గ్రంథము, దర్బారు, సంత – మూడింటికిని అరబ్బీయే భాషయైనచోట అమాజిగ్ భాష కొండలకు తొలగినది. రిఫ్, అట్లాసు, కబీలియా పర్వతములందు అది నిలిచినది. పల్లములందలి జనులు భాషతోపాటు వంశవృక్షమునుగూడ మార్చుకొనిరి. కొన్ని తెగలు తమ మూలపురుషులను యెమెను దేశమున వెదకుకొనుటను 14వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్దూన్ పరీక్షించి చూచెను. తొలినాటి అరవులు మాత్రము అమాజిగ్ వేషమునే ధరించినవి: ‘మస్జిద్’ అచ్చట ‘తమెజ్గిద’ అయ్యెను, మనకు మసీదైనట్లు. ఐతే మన నమాజు, రోజా పారసీక పదములు. వారి ‘తజల్లిత్’ అరబ్బీ ‘సలాత్’నుండి నేరుగా పుట్టినది. మతము ఏ త్రోవను వచ్చినదో మాటయే చెప్పుచున్నది. మొరాకోలో 2011లోను, అల్జీరియాలో 2016లోను అమాజిగ్ భాషకు అధికారభాషా ప్రతిపత్తి లభించినది.

పరభాష ప్రాబల్యము లేనిచోట భాష నిలుచుననుట సులభమే. కొల్లేటి లంకలు వేఱొక సాక్ష్యమిచ్చుచున్నవి. సరస్సులో చేపలు పట్టి జీవించు వడ్డివారు ఓడ్రదేశపు గజపతుల సైన్యముతో వచ్చినవారని జనశ్రుతి. కొల్లేటికోటలో గజపతుల దుర్గముండెననియు, శత్రువు ఉప్పుటేరును త్రవ్వించి నీటిని తీయించెననియు చెప్పుదురు. ఆ శ్రుతి యెంత నిజమైనను, నేడు వీరి మాట తెలుగు, కొలుచునది కొల్లేటి పెద్దింట్లమ్మను. ఓడ్రభాష పోయినది, ‘వడ్డి’ యను పేరు మాత్రము మిగిలినది. భాషను కోల్పోయిన వడ్డివానిని ఎవ్వరును పరాయివాడనలేదు. భాషను కాపాడుకొన్న దూదేకులవాడే ప్రశ్నింపబడుచున్నాడు.

దీనికి కారణము ‘తురక’ యను మాటలో కొంత దొరకును. మొదట అది తుర్కు జాతిని తెలిపినది. పిమ్మట మతమును తెలిపినది. ‘తురకము’ అనగా వారి భాష. జాతి, మతము, భాష ఒకే పదములో కుదింపబడిన యీ సంకేతమున తెలుగు మాటలాడు ముస్లిమునకు చోటులేదు. దక్కనీ పలుకువారి దృష్టిలో అతడు భాషచేత తక్కువవాడు. ఇరుగుపొరుగు హిందువుల దృష్టిలో మతముచేత వేఱువాడు. దక్కనీవారి మాటమాత్రము శుద్ధముగా నున్నదా? ఉత్తరాది ఉర్దూలో ‘కి’ యనునది అనుకరణ వాక్యమునకు ముందు వచ్చును. మన దక్కనీలో ‘ఆతూఁ బోల్కే బోల్యా’ అందురు. ఇది ‘వచ్చెదనని చెప్పెను’ అను తెలుగు కూర్పునకు అచ్చుగుద్దిన ప్రతి. మాటలు తురకము, ఎముకలగూడు తెలుగు. తెలుగును తక్కువగా జూచు నోటియందే తెలుగు వ్యాకరణము కాపురము చేయుచున్నది. ఏలూరి తంగెళ్లమూడిలో తివాసీలు నేయువారి పూర్వులు పారసీకదేశమునుండి వచ్చిరని ప్రతీతి. ఆ భాష యింటిలో నిలువలేదు, మగ్గముపై పనితనము నిలిచినది.

మఱియొక వైపు చూతము. తెలుగు పండితుడు పరభాషా స్పర్శలేని కావ్యము కోరినప్పుడు పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ వ్రాసి, దానిని గోలకొండ యుద్యోగియైన అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. 16వ శతాబ్దిలో అచ్చతెలుగునకు తొలి కావ్యభర్త ముస్లిము! శుద్ధభాషాభిమానము సంపర్కమునకు వ్యతిరేకముగా గాక, సంపర్కములోనుండియే పుట్టినదని మా యభిప్రాయము. నేటి రాతలలోని ‘వినియోగదారుడు’ సంస్కృత ప్రకృతికి పారసీక ప్రత్యయమును, దానిపై తెలుగు డుకారమును చేర్చిన రూపము. ‘చెల్లింపుదారు’లోని ‘దారు’ను తొలగింపుడని ఏ భాషాశుద్ధివాదియు ఇంతవఱకు పట్టుపట్టలేదు.

దూదేకులవారిని గుఱించి 1909లో థర్‌స్టన్ ప్రచురించిన గ్రంథమున వారి వివాహములందు తాళి కట్టుట పేర్కొనబడినది. ఆంగ్లేయోద్యోగులు దానిని మతజ్ఞానము చాలకపోవుటగా ఎంచిరి. ఆ తీర్పు మాకు సమ్మతము కాదు. తెలుగుదేశపు పెండ్లికి తాళి గుర్తు. నిఖా మతమునకు గుర్తు. ఒకే పందిటిలో రెండును జరిపినవాడు అజ్ఞాని కాడు, రెండు సంఘములకు జవాబు చెప్పుకొనవలసినవాడు. 2007 నాటి చట్టము ముస్లిములలోని వెనుకబడిన సముదాయములకు ‘ఇ’ వర్గము నేర్పఱచినది. దూదేకులవారు ‘బి’ వర్గముననే యుండిరి.

ఇక పేర్ల సంగతి. ‘పింజారి’ తెలుగున తిట్టుమాట యైనది. వృత్తిని తెలుపు పదము నీచత్వమునకు పర్యాయమైనది. నూర్‌బాషా యను పేరు వ్యాపించుటకు ఈ యవమానమే ప్రబలకారణమని తలంచుచున్నాము. మగ్రిబువాసి యెమెను పూర్వులను వెదకిన తీరునకు ఇది దూరము కాదు. కాని భేదమొకటి కలదు. పేరును అరబ్బీ పారసీకములలోనికి మార్చినవారు మాటను మార్చలేదు. బుఱ్ఱకథను దేశమంతట వినిపించిన షేక్ నాజరు గుంటూరుజిల్లా పొన్నెకల్లు గ్రామమున దూదేకుల యింట పుట్టినవాడు. 1986లో పద్మశ్రీ బిరుదమందుకొన్నాడు. ఆయన జీవితకథకు ‘పింజారి’ యనియే పేరు.