రంగునకు ముందు అతుకు

మన వృత్తిని గూర్చి వ్రాసినవారు దేవాలయ ద్వారములను, రథములను, వాహనములను వర్ణించిరి. ఉలిని, బాడిసను కొనియాడిరి. అమరసింహుడు తన కోశమున తక్ష, వర్ధకి, రథకారాది నామములను ఒకే వరుసను చదివి మనవారికి శాశ్వతమైన స్థానము నొసంగెను. ఆ వర్ధకి శబ్దమే తెలుగున వడ్లంగి, వడ్రంగి యయ్యెనని నేను నా విద్యార్థులకు చెప్పుచుండెడివాడను. కాని యొక చెక్కను వేఱొక చెక్కపై నిలుపు అతుకును గూర్చి విశేషముగా పలికినవారు అరుదు. పందిరిమంచపు తలాపున పూలతీగ, భోషాణము మూతపై పద్మము, ఊయలతొట్టి అంచున చిలుకల బారు: ఇట్టివానిలో పెక్కు వేఱుగా చెక్కి పిదప అతికించినవే. వానిపై రంగులును గలవు. ఇచట పుట్టు ప్రశ్న చిన్నది. రంగు ముందా, అతుకు ముందా?

శాస్త్రగ్రంథములలో అతుకునకు వజ్రలేపమని పేరు. క్రీ. శ. 6వ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికొక యధ్యాయమునే కేటాయించెను. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని ద్రోణ పరిమితమైన నీట కాచి, ఎనిమిదవ వంతు మిగులునట్లు దింపి, అందు గుగ్గిలము, నల్లజీడి, అవిసె, మారేడు మున్నగువానిని నూరి కలుపవలెను. దానిని వేడిగా నుండగనే పూయవలెనని విధి. ఆ యధ్యాయముననే పశువుల కొమ్ములతోను, తోళ్లతోను చేయు మఱియొక లేపమును గలదు. 12వ శతాబ్దమున కల్యాణము నేలిన చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున దీనినే విశదపఱచెను. గేదెతోలును వెన్నవలె మెత్తబడువఱకు ఉడికించి, పుల్లలుగా చేసి యెండబెట్టి, పనివేళ వేడినీట కరగించుకొనవలెనట. మన పనిశాలలలో తోలుబంకను వజ్రమనియు, వజ్రపుబంకయనియు పిలుచుట పెద్దలెఱుగుదురు. అక్షరము ముక్క రాని పనివాని నోటను శాస్త్రపదము చెడకుండ నిలిచినది. పండితులమని చెప్పుకొను మేమే దానిని గమనింపలేదు.

గ్రంథములను ఇంతటితో ముగించి, ఈ ప్రశ్నకు ప్రత్యక్ష ప్రమాణమును మన సమీపముననే చూతము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి చింతలపూడి ఏలూరు జిల్లాలోను, కొండపల్లి ఎన్. టి. ఆర్. జిల్లాలోను చేరినవి; అంతకు పూర్వము చింతలపూడి పశ్చిమగోదావరి జిల్లాకును, కొండపల్లి కృష్ణా జిల్లాకును చెందియుండెను. కొండపల్లి బొమ్మ యనగా అతుకుపనియే. దానికి వాడు తెల్లపొణికి మిక్కిలి తేలికయైన మెత్తని చెక్క. దానిని ఆరబెట్టి, సన్నని సెగపై తేమను పోగొట్టి, బొమ్మ మొండెమును ఒక ముక్కగాను, కాలుసేతులను, ఆయుధములను, ఆభరణములను వేర్వేరు ముక్కలుగాను చెక్కుదురు. అంబారీ యేనుగును చూడుడు. ఏనుగు వేఱు, అంబారీ వేఱు, అందు కూర్చుండిన రాజు వేఱు. పెండ్లిపల్లకియు అట్టిదే. అది కేవలము బొమ్మ కాదు, మన పూర్వుల గృహోపకరణములకు చిన్న ప్రతిరూపము.

ఈ ముక్కలను కలుపు పదార్థమునకు వారు మక్కు అని పేరిడిరి. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, నానవేసి, మెత్తగా నూరి ఉడికించిన బంకలో ఱంపపుపొట్టును కలిపినచో మక్కు సిద్ధమగును. (చింతచెట్ల పేరనే వెలసిన మన చింతలపూడి వారికి ఈ గింజ విలువ వేఱుగా చెప్పవలెనా!) పొట్టు కలుపుటలో గొప్ప యుక్తి గలదు. ఒట్టి బంక ఆరినపుడు కుదించుకొని సందు విడుచును. పొట్టు కలిసిన బంక ఆ సందును నింపును, ఆరిన పిమ్మట చెక్కవలెనే ఆకురాయికి లొంగును. కావున అతుకు ఎచ్చట నున్నదో వ్రేలితో తడిమినను తెలియదు.

ఇక క్రమమును గమనింపుడు. అతుకు ఆరవలెను. ఆపై ఆకురాయితో నునుపు చేయవలెను. దానిపై సున్నపుపూత. సున్నము ఆరిన తరువాతనే, మేకవెండ్రుకల కుంచెతో రంగు. పచ్చి చెక్కకు పచ్చి చెక్కయే అతుకును. సున్నమును రంగును ఆ రెంటిని ఒకే వస్త్రమున కప్పును. రంగు ముందు వేసి నగను తరువాత అతికించు పద్ధతి కొండపల్లి వారికి లేదు.

దేశాంతరమున స్థిరపడిన తెలుగువారును ఈ క్రమమునే పాటించిరి. తంజావూరు చిత్రములు వ్రాసినవారిలో తెలుగు మాటలాడు రాజులు ప్రసిద్ధులు. పనసపలకపై గుడ్డ అంటించి, సుద్దను బంకతో కలిపి పూసి, అలంకారములను ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్లు పొదిగి, బంగారురేకు అంటించిన పిమ్మటనే దేవతామూర్తికి వర్ణము లిడుదురు. ఏటికొప్పాకలో మాత్రము క్రమము తలక్రిందులు. అచట అంకుడు కఱ్ఱ తరిమెనపై తిరుగుచుండగా లక్కను ఒత్తెదరు; రాపిడి వేడికి లక్క కరగి పట్టును. అనగా ముక్క వేఱుగా నున్నపుడే రంగు పడును. అట్టి ముక్కలను రంధ్రము తొలిచి చీలతో బిగించినచో బంక రంగును ముట్టక లోపలి పచ్చి చెక్కనే పట్టును. నియమము తప్పినట్లు కనబడును గాని తప్పలేదు.

18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండున రాబర్ట్ ఆడం అను వాస్తుశిల్పి సుద్ద, తోలుబంక, అవిసెనూనె, సర్జరసము కలిపిన ముద్దను అచ్చులలో నొత్తి, పూలదండలుగా తీసి, వేడిగా నుండగనే గోడలకు, తలుపులకు అతికింపించి, ఆపై రంగు వేయించెడివాడు. అవిసెయు సర్జరసమును వరాహమిహిరుని పట్టికలోనివే. ఎవరు ఎవరిని చూచి నేర్చిరను వాదము నాకు రుచింపదు. చెక్క స్వభావము ఎల్లెడల నొక్కటియే కదా.

ఇంత వ్రాయుటకు కారణము నేటి పని. 1959లో ఫెవికాల్ వచ్చిన పిదప తెల్లబంక ప్రతి పనిశాలను చేరినది. అది మంచిదే. ప్రతిదినము వజ్రమును కాచు శ్రమ తప్పినది. కాని ఆ బంకలోని నీరు చెక్కలోనికి ఇంకినగాని అతుకు గట్టిపడదు. నూనెరంగు పూసిన పలకపై దానిని పూసినచో నీరు ఇంకుటకు త్రోవ లేదు. ఒకవేళ పట్టినను అది పట్టినది రంగును, చెక్కను కాదు. రంగుపొర లేచిననాడు పద్మమును దానితోనే లేచును. ఉత్సవము సమీపించినదని దేవతావాహనములకు ఏటేట పాతరంగుపైనే క్రొత్తరంగు వేయించి, దానిపై క్రొత్త నగను అతికింపించు పోషకులు పనివానికి పదిదినములు గడువిచ్చినచో ఆ పని నూఱేండ్లు నిలుచును. నేరము పనివానిది కాదు, తొందరది.

రంగు వేసిన పాతవస్తువునకు నగను చేర్పవలసివచ్చినపుడు చేయవలసినది ఇది. నగను పలకపై నుంచి, చుట్టును సూదిమొనతో గీత గీయవలెను. గీతకు కొంచెము లోపలి మేరవఱకు రంగును పూర్తిగా గీకి చెక్కను బయటపెట్టవలెను. నగ వెనుకభాగమును రంగులేక యుండవలెను. రెంటికిని పలుచగా బంక పూసి, అదిమి, త్రాటితో కట్టి, ఒక రాత్రి కదలనీయరాదు. బరువైన నగకు వెదురుచీల లొకటి రెండు అదనముగా దిగగొట్టవలెను. మఱునాడు అంచుసందులను మక్కుతో నింపి, ఆరిన పిదప రంగు కలుపవలెను.

చింతగింజకు కొఱత లేదు. ఱంపపుపొట్టునకు కొఱత లేదు. కొఱత యున్నది తెల్లపొణికికే. దాని గింజ త్వరగా మొలకెత్తదు. కొండపల్లి యడవులలో ఆ చెట్లు పలుచబడినవి. మెట్టభూములు గల మనవారు గట్లపై కొన్ని నాటి చూడవచ్చును.