బీపీ మాత్ర, జన్యు కత్తెర
దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఏ మందుల దుకాణంలోనైనా లభించే అమ్లోడిపిన్‌కు కోవిడ్ పరిశోధన చరిత్రలో చిన్న చోటున్నది. 2020లో న్యూయార్క్‌లో నెవిల్ సంజనా బృందం ఊపిరితిత్తుల కణాలలో, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో, కణానికొకటి చొప్పున దాదాపు 20 వేల జన్యువులను నిర్వీర్యం చేసి వైరస్‌ను వదిలింది. బతికిన కణాలలో ఏ జన్యువు పోయిందో చూసింది. కొన్నింటిలో కొలెస్టరాల్ తయారీ పెరిగి వైరస్ తగ్గింది. కణంలో కొలెస్టరాల్‌ను పెంచే పాత మందే అమ్లోడిపిన్!

అయితే అవి గాజుపాత్రలోని కణాలు. అమ్లోడిపిన్ కోవిడ్ చికిత్సగా ఆమోదం పొందలేదు. వార్త చదివి బీపీ లేనివారు మింగితే రక్తపోటు పడిపోగలదు. బీపీ ఉన్నవారు మానరాదు.

క్యాన్సర్ కోసం అధ్యయనం చేసిన 2-డీజీని మన సీసీఎంబీ సాయంతో డీఆర్‌డీఓ 2020 ఏప్రిల్‌లో పరీక్షించింది. రోగులపై పరీక్షలు ముగిసి అత్యవసర అనుమతి లభించినది 2021 మే 1న.