వాల్వులో నలుసు

1979 ఆగస్టు 10వ తేదీ ఉదయం శ్రీహరికోట నుండి లేచిన మన మొదటి ఎస్‌.ఎల్‌.వి-3 రాకెట్టు కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. 17 టన్నుల రాకెట్టును ముంచింది ఒక్క సొలెనాయిడ్ వాల్వు! ప్రయోగానికి 8 నిమిషాల ముందు తెరుచుకున్న ఆ వాల్వు, లోపల మలినం అడ్డుపడి మళ్ళీ మూసుకోలేదు. రెండవ దశను అదుపు చేయవలసిన నైట్రిక్ ఆమ్లం చాలావరకు కారిపోయింది. తీరా అవసరమైన వేళ ఇంధనం ఒక్కటే వచ్చింది, బలం పుట్టలేదు.

వాల్వులతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన మనవాళ్ళకు ఇదేమంత వింత కాదు. కాని ఆ లీకు కౌంట్‌డౌన్‌లోనే కనబడింది, స్వల్పమేలెమ్మని వదిలేశారు. తరువాత సమీక్షలో మిషన్ డైరెక్టర్ కలాంగారు లేచి నిలబడి, ప్రయోగం ఆపవలసింది తానేనని, బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. ఆయన ఉద్యోగం పోలేదు. 1980 జూలై 18న శ్రీహరికోట నుండే ఎస్‌.ఎల్‌.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.