గురువుల చదువు, ఊరి చదువు: గుస్తావో గుతియెర్రెజ్ కథ



యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. మా తాత కోయ మాటలో అడిగాడు: ఏం చదువుతున్నావురా అని. సోషియాలజీ అంటే ఏంటో చెప్దామని తెలుగులో మొదలుపెట్టి, సగం దూరం పోయి ఇంగ్లీషులో ఆగిపోయాను. మా సార్ క్లాసులో చెప్పినప్పుడు ఒళ్ళు పులకరించిన విషయమే అది. తాత ముందు మాత్రం నోట్లోంచి రాలేదు. ఆయన నవ్వి "పోనీలే, తిను" అన్నాడు. ఆ సంగతి నన్ను చాలా కాలం వదల్లేదు.

అందుకే ఈసారి చాలా దూరం, దక్షిణ అమెరికాలోని పెరూ దేశం దాకా పోదాం. మనలాగే పెద్ద చదువుకోసం ఊరు దాటిపోయి, గొప్ప గురువుల్ని కలిసి, వాళ్ళు చెప్పింది సొంత జనానికి ఎట్లా చెప్పాలో తెలీక తన్నుకులాడిన ఒకాయన కథ చెప్తాను. పేరు గుస్తావో గుతియెర్రెజ్. ఆయన క్యాథలిక్ ఫాదర్. ముందే చెప్తున్నా, ఇది మతం గురించిన పోస్టు కాదు. మన గ్రూపులో వేల్పుల్ని కొలిచేవాళ్ళున్నారు, చర్చికి పోయేవాళ్ళున్నారు, రెండూ లేనివాళ్ళున్నారు. ఇది చదువు గురించిన పోస్టు.

మంచం పట్టిన పిల్లాడు

గుతియెర్రెజ్ 1928 జూన్ 8న పెరూ రాజధాని లిమాలో పుట్టాడు. పేద కుటుంబం. ఒంట్లో కెచువా రక్తం కూడా ఉంది. కెచువాలంటే ఆండీస్ కొండల మూలవాసులు, ఇంకా సామ్రాజ్యం నాటి భాషను ఇప్పటికీ మాట్లాడే జనం. స్పెయిన్ వాళ్ళు వచ్చాక వాళ్ళ భూములు జమీందారుల చేతుల్లోకి పోయాయి. తమ నేల మీదే వాళ్ళు వెట్టి చేసే కూలీలయ్యారు.

పన్నెండేళ్ళ వయసులో గుస్తావోకి ఎముకల జబ్బు పట్టింది. పద్దెనిమిదేళ్ళ దాకా మంచం, చక్రాల కుర్చీ. తర్వాత జీవితాంతం కొంచెం కుంటుతూనే నడిచాడు. ఆ ఆరేళ్ళూ పుస్తకాలే తోడు. కోలుకున్నాక డాక్టరు కావాలని లిమాలోని సాన్ మార్కోస్ యూనివర్సిటీలో వైద్యంలో చేరాడు. మనసుకు వచ్చే జబ్బుల వైద్యుడు కావాలని కోరిక. మధ్యలో దారి మార్చుకుని గురువు కావాలనుకున్నాడు. మన తెలుగు క్యాథలిక్కులు ఫాదర్‌ని కూడా గురువు అనే అంటారు కదా, ఈ కథలో ఆ మాట రెండు అర్థాల్లోనూ సరిపోతుంది.

యూరప్‌లో దొరికిన గురువులు

1951లో చర్చి అతన్ని బెల్జియంలోని లూవెన్‌కు పంపింది. అక్కడ తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివాడు. అక్కడే కొలంబియా నుంచి సోషియాలజీ చదవడానికి వచ్చిన కమీలో తోరెస్ అనే యువ ఫాదర్ స్నేహితుడయ్యాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత 1955 నుంచి 1959 దాకా ఫ్రాన్స్‌లోని లియాన్‌లో దైవశాస్త్రం.

ఆ రోజుల్లో ఫ్రాన్స్ క్యాథలిక్ మేధావుల్లో ముగ్గురి పేర్లు గట్టిగా వినిపించేవి: మరీ-డొమినిక్ షెన్యూ, ఈవ్ కోంగార్, హెన్రీ ద ల్యుబాక్. మొదటి ఇద్దరూ డొమినికన్ సభవాళ్ళు, మూడో ఆయన యేసుసభ ఫాదర్. గుతియెర్రెజ్‌కు వీళ్ళ ఆలోచనలతోనూ, వీళ్ళతోనూ పరిచయం ఏర్పడింది ఈ చదువు కాలంలోనే.

వాళ్ళు చెప్పిందేంటి? షెన్యూ మధ్యయుగాల చరిత్రకారుడు. ఎంత గొప్ప గ్రంథమైనా ఆకాశంలోంచి ఊడిపడదు, అది ఏ కాలంలో ఏ జనం మధ్య పుట్టిందో చూడకుండా దాన్ని చదవలేం అనేది ఆయన పద్ధతి. కోంగార్ చర్చి అంటే బిషప్పులు, ఫాదర్లే కాదు, మామూలు విశ్వాసులది కూడా అని వాదించాడు. ద ల్యుబాక్ దేవుడి లోకం వేరు, మనుషుల లోకం వేరు అని గోడ కట్టొద్దన్నాడు. నాజీలు ఫ్రాన్స్‌ను ఆక్రమించినప్పుడు యూదులపై ద్వేషానికి వ్యతిరేకంగా రహస్యంగా రాసినవాళ్ళలో ఆయన ఒకడు.

ఇక్కడో సంగతి గమనించాలి. గుతియెర్రెజ్ లియాన్‌కు పోయేనాటికి ఈ ముగ్గురూ శిక్ష అనుభవిస్తున్నవాళ్ళే. షెన్యూ చిన్న పుస్తకాన్ని రోమ్ 1942లోనే నిషేధిత గ్రంథాల జాబితాలో పెట్టింది. ద ల్యుబాక్‌ను 1950లో పాఠాలు చెప్పకుండా ఆపేశారు. ఫ్రాన్స్‌లో కొందరు ఫాదర్లు ఫ్యాక్టరీల్లో, ఓడరేవుల్లో కార్మికులతో కలిసి కూలి పని చేసేవాళ్ళు. 1954లో రోమ్ ఆ ప్రయత్నాన్ని ఆపించింది. ఆ గొడవలోనే షెన్యూను పారిస్ నుంచి రువాన్ పట్టణానికి పంపేశారు, కోంగార్‌ను జెరూసలేం పంపారు.

అంటే మన కుర్రాడు అభిమానించిన గురువులు అధికారంలో ఉన్నవాళ్ళు కాదు, నోరు కట్టేసినవాళ్ళు. అయినా వాళ్ళు చర్చిని వదిలి పోలేదు, రాయడం మానలేదు. కొన్నేళ్ళకు కాలం తిరిగింది. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభలో కోంగార్, ద ల్యుబాక్ నిపుణులుగా కూర్చున్నారు, షెన్యూ ఒక బిషప్పుకు సలహాదారుగా వెళ్ళాడు. ద ల్యుబాక్ 1983లో, కోంగార్ 1994లో కార్డినల్ కూడా అయ్యారు. గురువు నుంచి మనం పాఠం ఒక్కటే నేర్చుకోం, ఆ పాఠం కోసం ఆయన ఎట్లా నిలబడ్డాడో కూడా నేర్చుకుంటాం.

తిరిగొచ్చాక తెలిసింది

1959లో గుతియెర్రెజ్‌కు గురుపట్టాభిషేకం అయింది. 1960లో లిమాకు తిరిగొచ్చి కాలేజీ విద్యార్థుల మధ్య పని మొదలుపెట్టాడు. అసలు చదువు అక్కడ మొదలైంది.

అప్పటి పెరూ ఎట్లా ఉందో చూడండి. కొండల్లో పెద్ద పెద్ద ఎస్టేట్లు. అక్కడ కెచువా కుటుంబాలు దొర పొలంలో ఊరికే పనిచేస్తే బతకడానికి చిన్న చెక్క ఇచ్చేవాళ్ళు. భూసంస్కరణ చట్టం వచ్చింది 1969లో. చదవడం, రాయడం రాకపోతే ఓటు లేదు. బడిలో నడిచేది స్పానిష్. కాబట్టి కెచువా తప్ప ఇంకో భాష రాని జనానికి సొంత దేశంలో ఓటు లేనట్టే. ఆ అడ్డు 1979 రాజ్యాంగంతో గానీ పోలేదు.

యూరప్ గురువుల పెద్ద ప్రశ్న: దేవుణ్ణి నమ్మని ఆధునిక మనిషికి దేవుడి గురించి ఎట్లా చెప్పాలి? లిమా మురికివాడల్లో గుతియెర్రెజ్‌కు ఎదురైన ప్రశ్న అది కాదు. ఇక్కడ జనం దేవుణ్ణి నమ్ముతారు. కానీ లోకం వాళ్ళను మనుషులుగా లెక్కపెట్టదు. నువ్వు మనిషివి కాదన్నట్టు చూసే చోట, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? తెచ్చుకున్న నోటుపుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

గురువుల మాటలు వల్లించి ఉంటే ఆయన మంచి ప్రొఫెసర్‌గా మిగిలేవాడు. ఆయన వాళ్ళ మాటలు కాకుండా వాళ్ళ పద్ధతి పట్టుకున్నాడు. ఎక్కడున్నావో చూడు, ఆ కాలాన్ని చదువు అన్నాడు కదా షెన్యూ. గుతియెర్రెజ్ తన చుట్టూ చూశాడు. మూడు సంగతులు తెలుసుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. ఒకటి, పేదరికం పుణ్యం కాదు, మనిషిని తినేసే చెడు. రెండు, అది తలరాత కాదు, మనుషులు కట్టిన ఏర్పాటు. మూడు, పేదలు దానం కోసం చెయ్యి చాచే ఒంటరి మనుషులు కాదు, కూడగట్టుకుని నిలబడగల జనం.

ఈలోగా లూవెన్ స్నేహితుడు కమీలో తోరెస్ వేరే దారి పట్టాడు. కొలంబియాలో గెరిల్లా దళంలో చేరి, 1966 ఫిబ్రవరి 15న తన మొదటి పోరాటంలోనే చనిపోయాడు. ఒకే యూనివర్సిటీలో చదివి, ఒకే బాధ పడ్డ ఇద్దరు. ఒకరు ముప్పై ఏడేళ్ళకే పోయారు, ఒకరు తొంభై ఆరేళ్ళు బతికి రాశారు. ఎవరు గొప్ప అని తీర్పు చెప్పడానికి ఇది రాయట్లేదు. ఆ ప్రశ్న అప్పటి కుర్రాళ్ళ ముందు ఎంత బరువుగా ఉండిందో చెప్పడానికి రాస్తున్నా.

చింబోతే, 1968

1968 జులైలో చింబోతే అనే రేవు పట్టణంలో గుతియెర్రెజ్ ఒక ప్రసంగం చేశాడు. చేపల పొడి ఫ్యాక్టరీల కోసం కొండల నుంచి దిగొచ్చిన వలసజనంతో నిండిన పట్టణం అది. విమోచన దైవశాస్త్రం అనే మాట ఆయన అక్కడ వాడాడు. అదే ఏడాది కొలంబియాలోని మెదెయీన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులంతా సమావేశమై పేదరికం గురించి, అన్యాయపు ఏర్పాట్ల గురించి గట్టిగా మాట్లాడారు. అక్కడా ఆయన సలహాదారుడు. 1971లో పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం అంకితం ఎవరికో తెలుసా? ఇద్దరికి. ఒకరు 1969లో హత్యకు గురైన బ్రెజిల్ ఫాదర్ హెన్రీకె పెరీరా నేతో. రెండో ఆయన హోసే మరియా అర్గేదాస్, పెరూ నవలాకారుడు. తల్లి చిన్నప్పుడే పోతే సవతితల్లి ఇంట్లో కెచువా పనివాళ్ళ మధ్య పెరిగి, వాళ్ళ భాషనే గుండె భాష చేసుకున్న మనిషి. పనివాళ్ళు కొలిచే దేవుడూ, దొరలు కొలిచే దేవుడూ ఒకడేనా అనే ప్రశ్న ఆయన నవలల్లో తిరుగుతుంటుంది. లియాన్‌లో ఎవరూ నేర్పని పాఠం గుతియెర్రెజ్‌కు ఇక్కడ దొరికింది. పెద్ద గురువులు యూరప్‌లోనే ఉండరు, మన పాటలు తెలిసిన మనిషి కూడా గురువే.

ఇంకో గురువు నాలుగున్నర శతాబ్దాల వెనక ఉన్నాడు. 1511లో హిస్పానియోలా దీవిలో మోంతెసినోస్ అనే డొమినికన్ ఫాదర్ గుడిలోనే స్పెయిన్ దొరలను నిలదీశాడు, ఈ మూలవాసులు మనుషులు కారా అని. లాస్ కసాస్ అనే ఫాదర్‌కు కూడా అప్పట్లో మూలవాసి బానిసలుండేవాళ్ళు. 1514లో ఆయన వాళ్ళను వదిలేసి, చనిపోయేదాకా, అంటే 1566 దాకా, మూలవాసుల తరఫున వాదించాడు. నిజం దాచకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి: మూలవాసుల బదులు ఆఫ్రికా బానిసల్ని తెమ్మని మొదట్లో సలహా ఇచ్చింది కూడా ఆయనే. తర్వాత దానికి పశ్చాత్తాపపడి రాసుకున్నాడు. గుతియెర్రెజ్ 1974లో లిమాలో పెట్టిన పరిశోధనా సంస్థకు లాస్ కసాస్ పేరే పెట్టాడు, ఆయన మీద పెద్ద గ్రంథం రాశాడు.

శిష్యుడి వంతు

గురువుల శిక్ష శిష్యుడికీ తప్పలేదు. 1983లో రోమ్ నుంచి గుతియెర్రెజ్ రాతల మీద అభ్యంతరాలు పెరూ బిషప్పులకు వచ్చాయి. 1984లో విమోచన దైవశాస్త్రంలోని కొన్ని ధోరణులను, ముఖ్యంగా మార్క్సు ఆలోచనల వాడకాన్ని, తప్పుబడుతూ వాటికన్ పత్రం విడుదల చేసింది. ఆయన పారిపోలేదు, ఎదురు తిట్టలేదు. అడిగిన ప్రతిదానికీ కూర్చుని జవాబు రాశాడు. రోమ్ ఆయన్ను నిషేధించలేదు. 1985లో, కుర్రాడిగా చదువుకున్న అదే లియాన్‌కు పోయి, అప్పటిదాకా రాసిన పుస్తకాల మీద డాక్టరేట్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు. 2001లో షెన్యూ, కోంగార్‌ల డొమినికన్ సభలోనే చేరాడు. 2024 అక్టోబర్ 22న లిమాలో కన్నుమూశాడు.

మనం అడగాల్సింది

ఆయన్ను మోసేసి ఊరుకుంటే లాభం లేదు. పేదలు అనే ఒక్క మాటలో కెచువా వాళ్ళ భాష, నేల, దేవతలు, ఆడవాళ్ళ కష్టం అన్నీ కలిపేశారని విమర్శ వచ్చింది. 1988లో పుస్తకానికి కొత్త ముందుమాట రాస్తూ జాతి, సంస్కృతి, ఆడవాళ్ళ సంగతి ముందు సరిగా చూడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఈ తేడా మాటల గొడవ కాదు. 1980 నుంచి 2000 దాకా పెరూలో సాయుధ దళాలకూ ప్రభుత్వానికీ మధ్య సాగిన హింసలో దాదాపు 69 వేల మంది చనిపోయారని నిజనిర్ధారణ కమిషన్ 2003లో అంచనా వేసింది. వాళ్ళలో నూటికి డెబ్బై అయిదు మంది తల్లిభాష కెచువా లేదా మరో మూలవాసి భాష. పేదలందరూ చావలేదు. ఎవరి భాష రాజధానికి అర్థం కాదో వాళ్ళే ఎక్కువ చచ్చారు. మనల్ని కూడా ఒక్కోసారి పేదలు అని, ఒక్కోసారి వెనకబడినవాళ్ళు అని అంటారు. ఆ మాటల్లో కోయ, గోండు, కొండరెడ్డి, సవర అనే పేర్లు ఎక్కడ పోతున్నాయో మనమే చూసుకోవాలి.

మన దేశంలోనూ ఇట్లాంటి దారి ఒకటుంది. తమిళనాడులో పుట్టిన ఫాదర్ స్టాన్ స్వామి ఫిలిప్పీన్స్‌లో చదివాడు. తర్వాత బ్రస్సెల్స్‌లో చదువుతున్నప్పుడు బ్రెజిల్ పేదల ఆర్చిబిషప్పు హెల్డర్ కమారాతో స్నేహమైంది. తిరిగొచ్చి జార్ఖండ్ ఆదివాసీల భూమి, అయిదో షెడ్యూలు, జైళ్ళలో మగ్గే ఆదివాసీ కుర్రాళ్ళ కేసుల మీద పనిచేశాడు. 2020 అక్టోబర్‌లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టయి, 2021 జులై 5న బెయిలు రాకుండానే 84 ఏళ్ళ వయసులో ముంబై ఆసుపత్రిలో చనిపోయాడు. వణికే చేతులతో నీళ్ళు తాగడానికి ఆయన స్ట్రా అడగాల్సి వచ్చిన సంగతి మనలో చాలామందికి గుర్తుంటుంది.

మనకూ మంచి గురువులు దొరుకుతారు. కొందరు మనోళ్ళు, కొందరు బయటివాళ్ళు. వాళ్ళ మీద అభిమానం తప్పు కాదు. కానీ వాళ్ళ మాటలు మోసుకొస్తే అవి ఊళ్ళో పనిచేయవు. వాళ్ళు చూసే పద్ధతి నేర్చుకుని, మన కళ్ళతో మన నేలను చూడాలి.

పోయిన వేసవిలో మా తాత దగ్గర మళ్ళీ కూర్చున్నా. ఈసారి నేను చెప్పలేదు, అడిగాను: ఈ పోడు మనకెట్లా వచ్చింది, పట్టా ఎవరి పేరు మీద పోయింది, అప్పుడు ఎవరు ఎదురు మాట్లాడారు అని. రెండు గంటలు కోయలో చెప్పాడు. నోటుపుస్తకం నిండింది. సోషియాలజీ అంటే ఏంటో ఆయనకు ఇప్పటికీ నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా అంతగా కనపడలేదు.