ఊఁ కొడితే మాట తెగొద్దు: ఫోన్‌లో తిరిగొచ్చే గొంతు కథ

చామోర్షి నుంచి ఆష్టి, ఆల్లపల్లి మీదుగా సిరొంచ దాకా మన తెలుగు ఇళ్ళల్లో ఆదివారం వీడియో కాల్ దాదాపు ఒకేలా మొదలవుతుంది. ఈ పక్క నుంచి "ఇనపడ్తుందా?" అని పెద్దవాళ్ళు, "ఆవాజ్ యేతోయ్ కా?" అని మరాఠీలో పిల్లలు. అంతలోనే ఎవరో ఒకరు "నా గొంతే నాకు తిరిగొస్తుంది" అంటారు. ఇక పది నిమిషాలు ఫోన్ సర్దుకోవడంతోనే సరి.

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ కాదు. మన ఇళ్ళల్లో కథ చెప్పాలంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. పిల్ల వింటుందో, నిద్రపోయిందో అవ్వకు తెలిసేది ఆ ఊఁ తోనే. పుణెలో, హైదరాబాదులో, అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్లో కొందరికి ఇంటి పెద్దల తెలుగు చెవిన పడేది వారానికి ఈ ఒక్క గంటే. ఆ గంటలో ఫోన్ ఊఁ ను మింగేసి, అవ్వ గొంతును అవ్వకే తిప్పి పంపితే, ఆమె నాలుగు ముక్కలు మాట్లాడి "సరే బిడ్డా, మంచిగున్నరు గదా" అని ఫోన్ ఇచ్చేస్తుంది. మా అవ్వ అయితే "పిల్లలతోటి గాదు, నాతోటి నేనే మాట్లాడినట్టుంది" అనేది. ఆమె పడ్డ ఇబ్బందికి దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే, ఇవాళ ఇంట్లో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

నది అవతలి చుట్టాలు

సిరొంచ ప్రాంతాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లాను తీసేసి ఈ భాగాన్ని చాందాలో కలిపారు. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి గడ్చిరోలి విడిపోయింది. పటంలో గీతలు ఎన్నిసార్లు మారినా, పెళ్ళి సంబంధాలు మాత్రం ప్రాణహితను, గోదావరిని దాటుతూనే ఉన్నాయి. కాళేశ్వరం, చెన్నూరు, మంథని వైపు ఆడపిల్లలు ఇటు కోడళ్ళయ్యారు, ఇటు ఆడపిల్లలు అటు పోయారు. అందుకే ఇక్కడి ఇళ్ళకు దూరం నుంచి వచ్చే మాట మీద ఎప్పుడూ ఆశ ఎక్కువ. మొదట కార్డుముక్క, చావుబతుకుల సమయంలో తంతి, ఆ తర్వాత ట్రంక్ కాల్.

ట్రంక్ కాల్ అంటే పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ముందు బుక్ చేయాలి, ఆర్డినరీనా, అర్జెంటా, లైట్నింగా అని చెప్పాలి, తర్వాత కూచుని ఎదురుచూడాలి. లైన్ దొరికాక గొంతు చించుకుని అరవాలి. ఆపరేటర్ లేకుండా నేరుగా తిప్పే ఎస్టీడీ మన దేశంలో 1960 నవంబరు 26న కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు మూల మూలకూ వచ్చింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాతే.

తీగలో తిరిగొచ్చిన గొంతు

పాత ఫోన్‌లో మన గొంతు మనకే కొంచెం వినపడేది. అది లోపం కాదు, కావాలనే ఉంచిన ఏర్పాటు. మన మాట మన చెవికి అసలు రాకపోతే ఫోన్ చచ్చిపోయిందనుకుని గట్టిగా అరుస్తాం. మరీ ఎక్కువ వస్తే గొంతు తగ్గించేస్తాం. కాబట్టి కొద్దిగా, వెంటనే వినపడేట్టు పెట్టారు. మన మాట మనకు వినపడటం తప్పు కాదు, ఆలస్యంగా వినపడటమే తప్పు. అసలు కీలకం ఇక్కడే ఉంది.

ఆ ఆలస్యం ఎక్కడిది? ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి రెండే తీగలు. పోయే మాట, వచ్చే మాట రెండూ వాటి మీదనే. దూరాభారం లైన్లలో మాట బలహీనపడుతుంది కాబట్టి మధ్య మధ్య బలం పెంచే యంత్రాలు పెట్టాలి. అవి ఒక దిక్కుకే పనిచేస్తాయి. అందుకని దూరం లైన్లకు పోయేందుకు రెండు, వచ్చేందుకు రెండు, మొత్తం నాలుగు తీగలు. రెండు తీగలు, నాలుగు తీగలు కలిసే కూడలిలో మాట కొంత కారిపోయి వెనక్కి మళ్ళుతుంది. చామోర్షి నుంచి గడ్చిరోలికి అయితే ఆ తిరుగు మాట రెప్పపాటు కన్నా ముందే వచ్చేస్తుంది, చెవి గుర్తుపట్టదు. వేల మైళ్ళ లైన్ అయితే గుర్తుపడుతుంది.

అమెరికాలో బెల్ కంపెనీ ఇంజనీర్లు ఎ.బి. క్లార్క్, ఆర్.సి. మాథెస్ 1925లో దీనికి ఒక ఉపాయాన్ని వివరించారు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఎదుటి దిక్కు నుంచి వచ్చే దారిని మూసేయడం. గొంతు తిరిగి రాదు, నిజమే. కానీ తలుపు మూసి ఉన్నంతసేపు అవతలివాళ్ళ మాట కూడా రాదు. అవతలి నుంచి ఊఁ అంటే ఆ ఊఁ తలుపు దగ్గరే ఆగిపోతుంది. అవ్వ కథకు వచ్చిన అడ్డంకి మొదటిసారి యంత్రంగా పుట్టింది అప్పుడే అనుకోవచ్చు.

1950లో బెర్నార్డ్ లీ అనే ఆయన ఇంకో సంగతి బయటపెట్టాడు. మనిషి మాటను అతని చెవికే కాస్త ఆలస్యంగా వినిపిస్తే నాలుక తడబడుతుంది, మాట నెమ్మదిస్తుంది, గొంతు పెరుగుతుంది. సెకనులో ఐదో వంతు ఆలస్యమైతే ఇబ్బంది బాగా ఎక్కువ. బాగా మాట్లాడగలవాళ్ళు కూడా నత్తినత్తిగా మాట్లాడతారు. వీడియో కాల్‌లో అవ్వ తడబడితే "వయసైపోయింది" అని మనం అనుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తడబాటు ఆమెది కాకపోవచ్చు, తిరిగొచ్చే గొంతుది కావచ్చు.

ఆకాశం నుంచి అర సెకను

1965లో ఎర్లీ బర్డ్ ఉపగ్రహంతో ఖండాల మధ్య మాట ఆకాశం ఎక్కింది. మన దేశంలో అలాంటి మొదటి వాణిజ్య భూకేంద్రం 1971లో మన మహారాష్ట్రలోనే, పుణె జిల్లా జున్నర్ దగ్గరి ఆర్వీలో మొదలైంది. మన విదర్భవాళ్ళు తికమక పడొద్దు, ఇది వర్ధా జిల్లా ఆర్వీ కాదు.

ఉపగ్రహం ఉండేది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. మాట పైకి పోయి కిందికి దిగడానికే పావు సెకను పడుతుంది. అడిగిన మాటకు జవాబు రావాలంటే, లేదా మన గొంతు మనకు తిరిగి రావాలంటే, అర సెకను. తలుపు మూసే పాత ఉపాయం ఇక్కడ బాగా ఇబ్బంది పెట్టింది. ఇద్దరూ ఆగుతారు, ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరి మాటలూ తెగుతాయి. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చిన పాత ఫోన్లలో "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అనుకుంటూ పైసలన్నీ కరిగిపోయిన ఇళ్ళు ఎన్నో.

మన భాషకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో అసలు సంగతి చివర వస్తుంది. దవాఖానకు పోయిన, పోయింది, పోయిండు, పోలే. పోయింది నేనా, ఆమెనా, ఆయనా, అసలు ఎవరూ పోలేదా, అంతా చివరి అక్షరమే చెప్తుంది. లైన్ ఆ చివరి అక్షరాన్ని కోసేస్తే తోక మాత్రమే పోయిందని అనుకోవద్దు, అర్థమే పోతుంది.

రాళ్ళు ఏరే లెక్క

తలుపు మూయకుండా, తిరిగొచ్చే గొంతును మాత్రమే ఏరేయలేమా? ఈ ఆలోచన 1960లలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ నుంచి వచ్చింది. ఆయన 1965లో చిన్న వయసులోనే పోయారు. దాన్ని లెక్కగా నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు మన్ మోహన్ సోంధీ. పుట్టింది పంజాబులోని ఫిరోజ్‌పూర్, చదివింది బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, ఆ తర్వాత అమెరికాలో. 1962లో బెల్ ల్యాబ్స్‌లో చేరి, 1967లో ఈ ఉపాయాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

ఉపాయం ఇంటి భాషలో ఇంతే: అటు పోతున్న మాట ఏదో యంత్రానికి తెలుసు. ఆ మాట తిరిగొస్తే ఎలా ఉంటుందో అంచనా కట్టి, వచ్చేదాంట్లోంచి ఆ అంచనాను తీసేస్తుంది. బియ్యంలోంచి రాళ్ళు ఏరినట్టు. ఇంకా రాళ్ళు మిగిలితే అంచనాను సవరించుకుంటుంది. అలా క్షణక్షణం నేర్చుకుంటూనే ఉంటుంది. దీన్ని మొదట్లో కట్టడం ఖరీదైన పని. 1980లో డట్‌వైలర్, చెన్ అనే ఇంజనీర్లు ఇదంతా ఒకే చిప్పులో పట్టించారు. అక్కడి నుంచి లైన్లలో ఎకో బాగా తగ్గుతూ వచ్చింది.

మళ్ళీ ఇంట్లోకి

అయితే ఇవాళ మళ్ళీ ఎందుకు వస్తోంది? ఫోన్ చెవి దగ్గర నుంచి చెయ్యి దూరానికి పోయింది కాబట్టి. పాత రిసీవరు చెవికి ఆనుకుని ఉండేది. అందులోంచి వచ్చే మాట నోటి దగ్గరి మైకుకు పెద్దగా చేరేది కాదు. వీడియో కాల్‌లో స్పీకరు గట్టిగా మోగుతుంది, పక్కనే మైకు తెరిచి ఉంటుంది. అటువైపు మాట స్పీకర్లోంచి వచ్చి, గోడలకు తగిలి, మైకులో దూరి వెనక్కి పోతుంది. ఇప్పుడు కూడలి ఎక్స్ఛేంజిలో లేదు, మన ముందు గదిలో ఉంది.

అందుకే ఫోన్లలో, వీడియో కాల్ సాఫ్ట్‌వేర్‌లో సోంధీ బాట పట్టిన లెక్కే నడుస్తోంది. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే కంపెనీని కొని, 2011లో వెబ్‌ఆర్‌టీసీ పేరుతో ఆ పనితనాన్ని అందరికీ ఉచితంగా తెరిచింది. అందులో ఎకో తీసే భాగమూ ఉంది. కానీ ఏరగా మిగిలిన నలుసులను అణచడానికి ఇప్పటికీ 1925 నాటి తలుపు తరహా పనే చేయిస్తారు. స్పీకరు మరీ గట్టిగా పెడితే శబ్దం చెదిరిపోయి లెక్క తప్పుతుంది, నలుసులు పెరుగుతాయి, తలుపు ఎక్కువసార్లు మూసుకుంటుంది. మొదట బలయ్యేది చిన్న గొంతుతో అన్న ఊఁ.

జాతరలో మైకు కుయ్యిమని కూయడం దీనికి అన్నలాంటిది. మార్కండా దేవుని శివరాత్రి జాతరకు పోయినవాళ్ళకు ఆ కూత కొత్త కాదు. స్పీకరు శబ్దం మైకులోకి, మైకు నుంచి మళ్ళీ స్పీకర్లోకి, ఆగకుండా గిర్రున తిరిగితే కూత పుడుతుంది. డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే కాల్‌లో ఉంటే మన ఇంట్లోనూ ఇదే జాతర.

ఇక చేయాల్సినవి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైంది: ఎవరికి తన గొంతు తిరిగి వినపడుతుందో, తప్పు వాళ్ళ ఫోన్‌ది కాదు. సాధారణంగా అవతలి ఇంటిది. అవ్వకు ఆమె గొంతే వస్తుంటే, అవ్వ ఫోన్‌ను ఎంత నొక్కినా లాభం లేదు. సర్దుకోవాల్సింది పుణెలో ఉన్న మనవడు.

తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మనవడు ఒక నిమిషం మైకు మ్యూట్ చేయాలి, అవ్వ మాట్లాడాలి. ఎకో ఆగితే దోషం ఆ ఇంటిదే. పదిమంది కలిసిన కాల్ అయితే ఒక్కొక్కరూ వరసగా మ్యూట్ చేయండి. ఎవరి దగ్గర ఆగిందో వాళ్ళు దొరికినట్టే.

దొరికిన ఇంట్లో ముందు స్పీకరు శబ్దం రెండు మూడు మెట్లు తగ్గించండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా మంచిది, స్పీకరు నుంచి మైకుకు దారే ఉండదు. ఒకే గదిలో రెండో ఫోన్ ఉంటే అది కాల్‌లోంచి బయటికి రావాలి. మ్యూట్ ఒక్కటే చాలదు, దాని స్పీకరు మొదటి ఫోన్ మైకుకు వినపడుతూనే ఉంటుంది. టీవీకి, బ్లూటూత్ స్పీకరుకు కలిపితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది, లెక్కకు అందకపోవచ్చు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అవి వద్దు.

ఫోన్‌ను పట్టుకుని ఇల్లంతా తిరగొద్దు. చోటు మారినప్పుడల్లా లోపలి లెక్క మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కాల్ కలిశాక మొదటి కొన్ని క్షణాలు ఎకో వచ్చి దానంతట అదే తగ్గడం కూడా అందుకే, కొంచెం ఓపిక పట్టండి. శబ్దం పెరుగుతుందని ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టొద్దు, అది శబ్దాన్ని మైకు వైపు కూడా తోస్తుంది. రేకుల గది, ఖాళీ గోడల హాలు కన్నా మంచం, పరుపు, బట్టలు ఉన్న గది మేలు. ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాల వేయండి. కవరు మైకు రంధ్రాన్ని మూస్తుందేమో, తీసి ఒకసారి మాట్లాడి చూడండి. దుమ్ముంటే మెత్తని బ్రష్షుతో తుడవండి, సూదితో పొడవొద్దు.

ఇదంతా చేశాక కూడా మిగిలేది కొంత ఆలస్యం. ఒక దిక్కుకు 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటకు ఇబ్బంది ఉండదనీ, 400 దాటకూడదనీ అంతర్జాతీయ టెలికాం సంస్థ సూచన. మన అడవి ఊళ్ళ సిగ్నల్‌తో ఎప్పుడూ అది కుదరదు. అలాంటప్పుడు అవ్వ వాక్యం చివరి అక్షరం దాకా ఆగి, అప్పుడు ఊఁ కొట్టమని పిల్లలకు నేర్పండి. కొట్టడం మాత్రం మానొద్దని కూడా చెప్పండి. ఫోన్ మర్యాదలు నేర్పేటప్పుడు "మధ్యలో మాట్లాడొద్దు" అని ఊఁ ను కూడా ఆపించేస్తున్న ఇళ్ళు ఉన్నాయి. అది అవ్వకు, ఎవరూ వినట్లేదన్న మాటగా చేరుతుంది.

వచ్చే ఆదివారం కాల్‌కు ముందు, దూరాన ఉన్న మీ పిల్లలకు ఒక్క మాట పంపండి: అవ్వకు ఎకో వస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకోవాల్సింది అవ్వ కాదు, మీరు.