రెండు చక్రాల మధ్య ఏముంది? మన కొండలకి ఇరుసు ఎక్కిన కథ

పొడుగు పోస్టు. పని అయ్యాక సాయంత్రం తీరిగ్గా చదవండి.

మొన్న మా మేనల్లుడు ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఒకాయన సీటు మీద కూర్చుని గడ్డి కోసే బండి, అదే లాన్ మోవర్, కింద బ్లేడ్ల డెక్కు మొత్తం పీకేశాడు. ట్రాక్టర్‌కి ఉన్నట్టు పళ్ల టైర్లు వేశాడు. వెనక ఇరుసు విప్పి, డిఫరెన్షియల్‌లో ఉండే చిన్న పళ్లచక్రాలని ఒకదానికొకటి వెల్డింగ్ కొట్టేశాడు. ఇంకేముంది, ఆ బండి బురదలో, రాళ్లలో, అడవిలో దున్నపోతులా ఎక్కేస్తోంది. "మావయ్యా, వైజాగ్‌లో పాత సామాన్ల కొట్టు దగ్గర ఇలాంటిదే ఒకటి ఉంది. కొందామా? కాఫీ బస్తాలు తోటలోంచి దింపుకోవచ్చు" అన్నాడు.

వద్దనలేదు, సరే అనలేదు. ఎందుకంటే ఆ వెల్డింగ్ ఒకప్పుడు నేనూ కొట్టించాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఇరుసు మన కొండలకి ఎలా వచ్చిందో చూద్దాం, అప్పుడే ఆ వెల్డింగ్ ఏం చేస్తుందో అర్థమవుతుంది.

మైదానంలో ఎడ్లబండి ఉంది కదా. దాని ఇరుసు తిరగదు, చక్రాలే దాని మీద తిరుగుతాయి. కందెన పూసి, చీల కొట్టి వదిలేస్తే ఏ చక్రం దాని ఇష్టం దానిది. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం గబగబా నడుస్తుంది. ఆ తేడా చిన్నదేం కాదు. రెండు చక్రాల మధ్య 3 అడుగులు ఉన్న బండి పూర్తిగా వెనక్కి తిరిగిందనుకోండి, లోపలి చక్రం కంటే బయటి చక్రం దగ్గర దగ్గర తొమ్మిదిన్నర అడుగులు ఎక్కువ నడవాలి. బండికి ఇబ్బంది లేదు, ఎందుకంటే లాగేది ఎడ్లు, చక్రాలు కాదు.

మన మన్యంలో ఆ బండి కూడా చాలా కాలం లేదు. కావడి, నెత్తి మీద బుట్ట, వీపు మీద మూట, అంతే. ఉప్పు కింది నుంచి ఎడ్ల వీపుల మీద వచ్చేది. లంబాడీల ఎడ్ల బిడారులు ఘాట్ దారుల్లో జయపురం వైపు ఉప్పు మోసుకెళ్లేవి. చక్రం ఎక్కాలంటే దారి కావాలి, దారి వెయ్యాలంటే రాయి కొట్టాలి. ఆ రాయి ఎవరు కొట్టారో మనకి తెలుసు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ లంబసింగి వైపు రోడ్డు పనికి మనవాళ్లని తోలుకెళ్లి, సరిగ్గా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం మల్లుదొర, గంటం దొర నడిచారంటే ఆ రోడ్డు కడుపుమంట కూడా ఒక కారణం. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. ఇప్పుడు అదే లంబసింగికి మంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి.

సరే, ఇరుసు దగ్గరికి వద్దాం. ఇంజను వచ్చాక కథ మారింది. ఇంజను చక్రాన్నే తిప్పాలి. రెండు చక్రాలని ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒకటి నేలని రాసుకుంటూ ఈడ్చుకుపోవాలి. ఈ చిక్కుకి 1827లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్నాడు. అదే డిఫరెన్షియల్. మధ్యలో చిన్న పళ్లచక్రాలు (మన మెకానిక్‌లు స్టార్ పినియన్లు అంటారు) పెట్టి, రెండు చక్రాలకీ బలం సమానంగా పంచి, వేగం మాత్రం ఎవరి అవసరం వాళ్లకి వదిలేశాడు. అప్పటికి పెట్రోలు కార్లే లేవు, ఆవిరి బండి కోసం చేశాడు.

అందులోనే ఒక మెలిక ఉంది. బలం సమానం అంటే, ఒక చక్రం బురదలో పడి ఉత్తినే తిరుగుతుంటే, గట్టినేల మీద ఉన్న రెండో చక్రానికి కూడా ఆ బురద చక్రం తట్టుకున్నంత బలమే అందుతుంది. అంటే దాదాపు సున్నా. వర్షాకాలంలో గెడ్డ దాటేటప్పుడు ఒక చక్రం గిరగిరా తిరుగుతూ, ఇంకోటి రాయిలా కూర్చోవడం మీరందరూ చూసే ఉంటారు. బండి చెడిపోలేదు, డిఫరెన్షియల్ తన పని తాను చేస్తోందన్నమాట. వీడియోలో అమెరికా ఆయన వెల్డింగ్ కొట్టింది దీనికే.

అసలు డిఫరెన్షియల్ లేని బండి ఒకటి రోజూ మన కొండ ఎక్కుతోంది. రైలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా బైలదిల్లా ఇనుపరాయి కోసం 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను అది. శిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించేసి ఉంటాయి, వెల్డింగ్ కొట్టినట్టే. మరి మలుపు ఎలా తిరుగుతుంది? చక్రం అంచు లోపలివైపు లావుగా, బయటివైపు సన్నంగా వాలుగా చెక్కి ఉంటుంది. మలుపులో ఇరుసు కాస్త బయటికి జరిగితే, బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద నడుస్తాయి. ఒకే చుట్టుకి బయటిది ఎక్కువ దూరం వెళ్తుంది. ఎంత సులువో చూడండి! కానీ బాగా ఒంపు ఉన్నచోట ఆ వాలు కూడా చాలదు. బొర్రా గుహల స్టేషన్ వైపు మలుపుల్లో గూడ్సు వెళ్తుంటే కీచుమని పళ్లు జివ్వుమనే శబ్దం వస్తుందే, అది చక్రం పట్టాని రాసుకునే ఏడుపు. పట్టాలూ అరుగుతాయి, చక్రాలూ అరుగుతాయి, రైల్వే మారుస్తూనే ఉంటుంది. మనకి మార్చేవాళ్లు ఎవరున్నారు?

రైలు తర్వాత మన కొండల్ని నిజంగా కలిపింది జీపు. రెండో ప్రపంచయుద్ధంలో 1941 నుంచి అమెరికాలో విల్లీస్ కంపెనీ చేసిన బండి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వాళ్ల ద్వారా మన దేశంలో బిగింపు మొదలైంది. తర్వాత అనంతగిరి ఘాట్‌లో, పాడేరు, ముంచంగిపుట్టు దారుల్లో ఆ జాతి జీపులే మన బస్సులు. లోపల పదిమంది, పైన పదిమంది, బానెట్ మీద ఇద్దరు, సంత రోజైతే కోళ్లు, మేకలు అదనం. చాలావాటికి ముందు చక్రాలకి పవర్ ఉండేది కాదు, వెనక ఇరుసు ఒక్కటే దిక్కు. బురదలో దిగబడితే డ్రైవరు "వెనక ఎక్కండిరా" అని అరిచేవాడు. బరువు పడితే చక్రం పట్టు దొరుకుతుంది. ఏ ఇంజినీరూ చెప్పకుండానే నేర్చుకున్న విద్య.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. యుద్ధం జీపుకి వెనక ఇరుసు ఫుల్ ఫ్లోటింగ్. అంటే చక్రం బరువుని ఇరుసు గొట్టమే మోస్తుంది, లోపలి షాఫ్టు తిప్పడానికి మాత్రమే. షాఫ్టు విరిగినా చక్రం ఊడదు, బండి నిలబడే ఉంటుంది. తర్వాత మామూలు జనం కోసం చేసిన జీపుల్లో సెమీ ఫ్లోటింగ్ వేశారు. ఖర్చు తక్కువ. ఇందులో తిప్పేదీ షాఫ్టే, బరువు మోసేదీ షాఫ్టే. అది విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికి వచ్చేస్తుంది, ఆ చక్రం బ్రేకు కూడా దాంతోపాటే పోతుంది.

నా జీపు రెండో రకం. చాలా ఏళ్ల కిందట ఒక షెడ్డులో దాని స్టార్ పినియన్లు వెల్డింగ్ కొట్టించాను. షెడ్డు పేరు ఎందుకులెండి, అడిగింది నేను, వాళ్లు చేసిపెట్టారు. మొదటి వర్షాకాలం రాజాలా తిరిగాను. వేరేవాళ్లు ఆగిపోయినచోట నేను ఎక్కేసేవాణ్ణి, నలుగురు వచ్చి చూసి వెళ్లేవాళ్లు. తారురోడ్డు మీద మలుపు తిరిగితే టైరు గర్రుమనేది, టైర్లు త్వరగా అరిగిపోయేవి, పట్టించుకోలేదు. శీతాకాలం కాఫీ బస్తాలు వేసుకుని ఘాట్ దిగుతుంటే పొడి రోడ్డు మీద ఒక ఒంపులో ఫట్‌మని చప్పుడు. ఎడమ వెనక చక్రం నాకంటే ముందు వెళ్లిపోవడం కళ్లారా చూశాను. బండి కొండవైపు ఒరిగింది కాబట్టి ఇది రాస్తున్నాను. వెనక బస్తాల మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. చెయ్యి విరిగింది. వాడు ఇప్పటికీ నా బండి ఎక్కడు, అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఎందుకు విరిగిందో తర్వాత అర్థమైంది. మామూలుగా ఒక్కో షాఫ్టుకి సగం బలమే వస్తుంది. వెల్డింగ్ కొట్టాక ఒక చక్రం గాలిలో ఉంటే మొత్తం బలం రెండో షాఫ్టు మీదే పడుతుంది. బురదలో, మట్టిలో చక్రం కాస్త జారి ఆ మెలి వదిలేస్తుంది. పొడి తారు మీద జారదు, ప్రతి మలుపులో షాఫ్టే మెలిపడి ఓర్చుకోవాలి. ఒక సీజను ఓర్చుకుంది, అంతే.

ట్రాక్టర్ చేసినవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించారు. కాలి దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. దిగబడినప్పుడు తొక్కాలి, తిన్నగా బయటపడగానే వదిలెయ్యాలి, తొక్కి మలుపు తిప్పకూడదు. లేదా తిరిగే చక్రం వైపు బ్రేకు ఒక్కటే మెల్లగా తొక్కితే బలం రెండోవైపు మళ్లుతుంది. ట్రాక్టర్‌కి కుడి ఎడమ బ్రేకులు విడివిడిగా ఉన్నది ఊరికే కాదు.

ఇక పవర్ టిల్లర్. 1967లో బెంగళూరులో విఎస్‌టి వాళ్లు జపాన్ మిత్సుబిషితో కలిసి మొదలుపెట్టారు, 1973లో కేరళలో కామ్కో వచ్చింది. మన కొండ రైలు లైను, టిల్లర్ రెండూ జపాన్ సాయంతోనే వచ్చాయి, వాళ్లదీ కొండల దేశమే కదా. టిల్లర్‌లో డిఫరెన్షియల్ ఉండదు. హ్యాండిల్ కింద రెండు క్లచ్చులు. ఎడమది నొక్కితే ఎడమ చక్రానికి పవర్ తెగుతుంది, కుడిది తోస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. సమతలం మీద ఇది బంగారం. కానీ ట్రాలీ తగిలించి దిగుడులో వస్తున్నప్పుడు అదే ఎడమది నొక్కండి, బండి కుడికి పోతుంది! దిగుడులో ఇంజను తొయ్యడం లేదు, చక్రాలని పట్టి ఆపుతోంది. నొక్కిన చక్రానికి ఆ పట్టు వదిలి, అది జోరుగా దొర్లుతుంది. మా బావ కొత్త టిల్లర్‌ని గెడ్డలో దింపింది ఇలాగే. దిగుడులో క్లచ్చులు ముట్టుకోకుండా, తక్కువ గేరులో, హ్యాండిల్‌తోనే తిప్పాలి. కొత్తగా టిల్లర్ పట్టే పిల్లలకి ఇది ముందు చెప్పండి, దున్నడం తర్వాత నేర్పొచ్చు.

ఇప్పుడు మేనల్లుడి మోవర్. గడ్డి కోసే యంత్రం 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ చేశాడు, బట్టల మిల్లులో నూగు కోసే యంత్రాన్ని చూసి ఆ ఆలోచన వచ్చిందట. పుట్టుకే తివాచీ లాంటి నేల కోసం. సీటు ఉన్న మోవర్‌కి గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, ఇరుసు మూడూ కలిపి ఒకే చిన్న అల్యూమినియం డబ్బాలో ఉంటాయి. చాలావాటికి షాఫ్టు ముప్పావు అంగుళమే. ఒక మనిషిని గడ్డి మీద తిప్పడానికి చాలు. వెల్డింగ్‌లో ఒక మంచి కూడా ఉందని ఒప్పుకోవాలి. వీటిలో చాలావాటికి బ్రేకు ఒక్కటే, అదీ డిఫరెన్షియల్‌కి ముందు ఉంటుంది, కాబట్టి వాలులో ఒక చక్రం లేస్తే బ్రేకు రెండిటికీ పోతుంది. వెల్డింగ్ ఉంటే అలా పోదు. కానీ టైరు పెద్దది వేస్తే మళ్లీ మొదటికే. ఇరుసు నుంచి నేలకి 9 అంగుళాలు ఉన్నది 12 చేస్తే షాఫ్టు మీద మెలి మూడో వంతు పెరుగుతుంది. ఒరగకుండా చక్రాలు ఎడం జరిపితే షాఫ్టు వంగే బరువు పెరుగుతుంది. పైగా ఇంజనుకీ ఇరుసుకీ మధ్య ఉన్నది ఒక బెల్టు. దిగుడులో అది ఊడితే ఇంజను పట్టు ఉండదు. అమెరికా ఆయన ఆడుకుంటున్నాడు, వెనక ఆరు బస్తాలు లేవు, పక్కన లోయా లేదు.

ఇదంతా చెప్పేలోపే మావాడు ఆ మోవర్ కొని ఆటోలో వేసుకుని వచ్చేశాడు. ఇప్పుడు మా పాకలో ఉంది. డిఫరెన్షియల్ విప్పలేదు. ఇంజను మాత్రం దింపాం, బాగానే ఆడుతోంది. కాఫీ పళ్లు తొక్క తీసే పల్పర్‌కి తగిలిద్దామని చూస్తున్నాం. చిక్కల్లా మోవర్ ఇంజను షాఫ్టు నిలువుగా కిందికి ఉంటుంది, పల్పర్‌ది అడ్డం. బెల్టుని పావు చుట్టు మెలి తిప్పి వెయ్యాలి. రెండుసార్లు వేశాం, రెండుసార్లూ పుల్లీ మీంచి జారిపోయింది. పుల్లీలు ఒకదానికొకటి దూరం పెంచి ఈ వారం మళ్లీ వేస్తాం.